ముందు మంచి మాట

మార్చి 3, సోమవారం

నా పుస్తకాల పురుగుకి,

ముందు మంచి మాట. ఇక్కడ అందరం బాగున్నాం. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి, ఫ్రిజ్‌లో టీకాలు చల్లగా ఉన్నాయి, నా మోకాలి నొప్పి నిన్నటికంటే నయం. చూశావా, హాస్టలు వదిలి ఇరవై ఏళ్ళయినా ఉత్తరం మొదలుపెడితే ఉత్తరాలు దిద్దే మదర్ వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది నాకు. నా ఉత్తరాల మీద గీసిన ఎర్ర పెన్సిలే తర్వాత నీ ఉత్తరాల మీదా గీసి ఉంటుంది. "ఇంట్లోవాళ్ళని బెదరగొట్టే మాటలు వద్దు. ముందు మంచి మాట రాయండి. ఆ తర్వాత ఏమైనా మిగిలితే చూద్దాం." మిగిలేది కాదు. కాగితం అయిపోయేది.

ఎండలు మాత్రం ఈసారి తొందరపడ్డాయి. మార్చి మొదటి వారంలోనే ఇటుకబట్టీల నుంచి ఇద్దరిని మోసుకొచ్చారు. ఒకావిడకి ఒళ్ళు పొయ్యి మీద పెనంలా కాలుతోంది. నర్సులం తడిగుడ్డలు చుట్టాం. సాయంత్రానికి లేచి "నా చెప్పులేవీ" అంది. చెప్పులడిగితే ఇక బతికినట్టే అని మా డాక్టరు గారి సిద్ధాంతం.

మీ బాబాయి గురించి అడిగావు. ఆయనకేం, మహారాజు. ఈమధ్య ఇంటికి రావడమే మానేశాడు, రాత్రింబవళ్ళు ఆస్పత్రిలోనే. డాబా మీద ఆయన బిగించిన నలభై ఎనిమిది సోలార్ ప్యానెళ్ళూ సొంత బిడ్డలయిపోయాయి. రాళ్ళ మిల్లులో ఇరవై ఏళ్ళు కరెంటు పని చేసి దగ్గు తప్ప ఏం సంపాదించావని ఎవరైనా అంటే, పైకి వేలు చూపిస్తాడు. వార్డు గోడకి చిన్న పెట్టె కూడా బిగించాడు. పచ్చ లైటు వెలిగితే బ్యాటరీల్లో సరిపడా ఉన్నట్టు. ఎర్ర లైటయితే అరగంటే. "ఎర్ర లైటు ఉత్త అలంకారానికే" అంటాడు. షెడ్డులో ఉన్న పాత డీజిలు జనరేటర్‌కి ముసలోడని పేరు పెట్టాడు. "ముసలోడి మూత తీసి నాలుగు నెలలైందే, పెన్షనిచ్చి పంపెయ్యొచ్చు" అని నిన్న వార్డంతా వినబడేలా చెప్పాడు.

రేపు మందుల వ్యాన్ వస్తుంది. రిజిస్టర్ల సంచీలో దీన్ని పడేస్తున్నా. నువ్వు ఫోన్‌లో "ఊఁ" తప్ప ఇంకో ముక్క అనవు కాబట్టి మనకి ఈ సంచీయే గతి. వేళకి తిను.

నీ పిన్ని


మార్చి 6, గురువారం

పిన్నికి,

నేను బాగున్నాను. గది బాగుంది. కిటికీకి తడిగుడ్డ కట్టుకున్నాను. నువ్వు చెప్పినట్టే చేశాను.

ఆరోగ్య శాఖ ఆఫీసులో నా బల్ల బీరువాల వెనక ఉంది. అది నాకు నచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా రోజు గడిచిపోతుంది. చేరి ఏడాదైనా కొందరికి నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు.

ఈసారి వేసవి అంచనాలు నా చేతికిచ్చారు. మొత్తం ఇరవై రెండు ఆస్పత్రులు. ఐదేళ్ళ పాత లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాను. ఎండదెబ్బ, మూత్రపిండాలు, ఊపిరి. మూడు గళ్ళూ ఏటా పెరిగాయి. పెరగనిది కింద ఉన్న మొత్తం ఒక్కటే. సూపరింటెండెంటు గారికి చూపించాను. "ఎక్కడో కోస్తేనే ఇంకెక్కడో అతకగలం, అమ్మాయ్. కోసే చోటు వెతుకు" అన్నారు. నేను తలూపాను. అది జవాబు అనుకున్నారు.

మీ ఆస్పత్రి నుంచి ఒక్కటే రాలేదు, జనరేటర్ లాగ్‌బుక్. మీ స్టోరు ఆయనకి ఫోన్ చెయ్యమన్నారు. రెండుసార్లు నంబరు నొక్కి, మోగేలోపే పెట్టేశాను. నువ్వు నవ్వకు.

బాబాయిని ఎండలో డాబా ఎక్కవద్దని చెప్పు. టోపీ పెట్టుకోమను.

నీ
పురుగు


మార్చి 17, సోమవారం

పురుగూ,

నవ్వాను. మీ బాబాయికి చదివి వినిపించి మరీ నవ్వాను. స్టోరు ఆయన నిన్నేమైనా మింగుతాడా? అయినా నీ అదృష్టం బాగుంది. ఆయన కూతురి కాన్పుకి సెలవు పెట్టి వెళ్ళాడు. పుస్తకం ఆయన బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది. వచ్చాక పంపిస్తాను.

ముందు రాయాల్సిన మంచి మాట మర్చిపోయాను. మదర్ కొడుతుంది. సరే, మంచి మాట: అందరం బాగున్నాం. ఇరవై మంచాలకి ముప్పై ఎనిమిది మంది ఉన్నారు, కానీ అందరూ సర్దుకుంటున్నారు. ఒకే మంచం మీద తలా ఒక దిక్కు పెట్టుకుని పడుకున్న ఇద్దరు ఆడవాళ్ళు వియ్యపురాళ్ళయ్యే సూచనలు కనబడుతున్నాయి. సెలైన్ సీసాలు తగ్గిపోతున్నాయి, పైనుంచి ఎప్పుడొస్తాయో చూడాలి. ఊరి కరెంటు మధ్యాహ్నం మూడు గంటలు తీసేస్తున్నారు. మాకు తెలియనే తెలియడం లేదు. పైనుంచి సూర్యుడే పంపిస్తున్నాడు కదా.

ఎండదెబ్బవాళ్ళ సంగతి ఎలాగూ ఉంది. ఈసారి దగ్గువాళ్ళు ఎక్కువగా వస్తున్నారు. గాలిలో ఏదో ఎండు వాసన. కొండల మీద గడ్డి తెల్లబడిపోయింది.

బాబాయి టోపీ పెట్టుకోడు. అవసరం కూడా లేదులే. పొద్దస్తమానం నాలుగో మంచం దగ్గర కూర్చుని జోకులు చెబుతుంటాడు. పేషెంట్లకి నా మందులకంటే ఆయన మాటలు బాగా పనిచేస్తున్నాయి. ఆఫీసరమ్మకి ఆశీస్సులు చెప్పమన్నాడు. ఆఫీసరమ్మంటే నువ్వే.

పిన్ని


మార్చి 20, గురువారం

పిన్నీ,

నేను బాగున్నాను.

నీకో చిన్న మేలు చేశాను. ఏమిటో ఇప్పుడు చెప్పను. ఏప్రిల్‌లో పెట్టెలు వస్తాయి. అప్పుడు తెలుస్తుంది. నా నోటు మీద సూపరింటెండెంటు గారు ఒక్క అక్షరం కూడా మార్చకుండా సంతకం పెట్టారు. "నోరు లేకపోయినా చెయ్యి ఉంది నీకు" అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చాను. బస్సు ఎక్కాలనిపించలేదు.

ఒక సంగతి అడగాలి. కోప్పడకు. బాబాయి ఇంటికి రావడం లేదన్నావు. పొద్దంతా వార్డులో కూర్చుంటున్నాడన్నావు. మీరిద్దరూ పోట్లాడుకున్నారా? నీ రెండు ఉత్తరాలూ నాలుగుసార్లు చదివాను. ఆయన ఒక్కసారి కూడా ఇంట్లో లేడు. నువ్వొక్కదానివే ఉంటే చెప్పు, సెలవు పెట్టి వస్తాను.

కొండల గడ్డి గురించి పేపర్లో చదివాను. పొడి గాలులు వస్తాయట. కిటికీలు మూసుకో.

నీ పురుగు


ఏప్రిల్ 1, మంగళవారం

పురుగూ,

మంచి మాట ఇరవై పెట్టెల నిండా వచ్చింది. సెలైన్! నాలుగు వందల సీసాలు. డాక్టరు గారు పెట్టె మీద తట్టి "ఎవరో మన మీద దయ తలిచారు" అన్నారు. ఎవరో నాకు తెలుసు. వార్డులో చెప్పుకుందామని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. మా అక్క బతికుంటే మాత్రం వీధి వీధంతా చెప్పేది.

పోట్లాట కూడానా! మీ బాబాయి పడీ పడీ నవ్వాడు. నవ్వితే దగ్గు, దగ్గితే మళ్ళీ నవ్వు. "పోట్లాడేంత తీరిక మీ పిన్నికెక్కడిది" అన్నాడు. మా మధ్య ఏమీ లేదు. నువ్వు పుస్తకాలు మరీ ఎక్కువ చదువుతున్నావు.

ఇప్పుడు మంచిది కాని మాట ఒకటి. చిన్నదే. మీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. "సౌర విద్యుత్తు ఏర్పాటైనందున డీజిలు కేటాయింపు రద్దు." సెలైన్ దింపిన వ్యానే మా డీజిలు పీపాలు రెండూ ఎక్కించుకుపోయింది. ఏ మహానుభావుడు రాశాడో ఆ నోటు! నాలుగు నెలలుగా జనరేటర్ వాడలేదట. వాడికెవరు చెప్పారో? ఫిబ్రవరిలో మబ్బు పట్టినప్పుడు పదకొండు రోజులు ముసలోడే మమ్మల్ని కాపాడాడు. బ్యాటరీలు కూడా ఈ వేడికి మునుపటంత నిలవడం లేదు. లాగ్‌బుక్ చూసి రాసినవాడు సున్నా వేస్తాడా? అలాంటివాడిని తీసుకొచ్చి ఒక్క పూట మా వార్డులో కూర్చోబెట్టాలి. నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఎవరో కనుక్కో. నేనే ఒక ఉత్తరం రాస్తాను. మదర్ పెన్సిలుకి అందని ఉత్తరం.

నిన్న సాయంత్రం కొండల వెనక సన్నగా పొగ కనబడింది. ఎవరో చెత్త తగలబెట్టి ఉంటారు.

పిన్ని


ఏప్రిల్ 3, గురువారం

పిన్నీ,

నేను బాగున్నాను. సెలైన్ అందినందుకు సంతోషం.

ఎవరు రాశారో కనుక్కుంటాను.

బ్యాటరీలు నిండుగా ఉంటే వార్డుకి ఎన్ని గంటలు వస్తాయి? ఆక్సిజన్ మిషన్లు ఎన్ని ఉన్నాయి? ఊరి కరెంటు ఎప్పుడు పోయి ఎప్పుడు వస్తోంది? మొదటి ఉత్తరంలో ముసలోడి మూత నాలుగు నెలలుగా తియ్యలేదని రాశావు. ఫిబ్రవరిలో తీశామని ఇప్పుడు రాశావు. ఏది నిజం?

నిన్న వార్డుకి ఫోన్ చేశాను. నువ్వే తీశావు. "అంతా బానే ఉందిరా" అన్నావు. నేను "ఊఁ" అన్నాను. ఇంకొకటి అడగాలనుకున్నాను. ఫోన్ పెట్టేశాను.

పురుగు


ఏప్రిల్ 10, గురువారం

పిన్నీ,

ఈసారి మంచి మాట లేదు.

ఆ నోటు రాసింది నేను.

మీ లాగ్‌బుక్ రాలేదు. ఫోన్ చెయ్యలేకపోయాను. అంచనాలు పంపాల్సిన రోజు వచ్చేసింది. నీ మార్చి మూడో తేదీ ఉత్తరం నా సంచీలో ఉంది. ముసలోడి మూత తీసి నాలుగు నెలలైందని అందులో ఉంది. ఆ గడిలో సున్నా వేశాను. డీజిలు కోసి సెలైన్‌కి అతికాను. సీసాలు తగ్గిపోతున్నాయని నువ్వే రాశావు కదా, నీకే మేలు చేస్తున్నాననుకున్నాను. నీ ఉత్తరంలో అబద్ధం ఉండొచ్చన్న ఊహే నాకు రాలేదు. నా ఉత్తరాల్లో ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. అయినా రాలేదు.

కొండలు శనివారం నుంచీ కాలుతున్నాయని పేపర్లో ఉంది. మీ వైపు ఫోన్లు పనిచెయ్యడం లేదు. నిన్నటి నుంచి వార్డు నంబరుకి ముప్పై ఒక్కసార్లు చేశాను. ఇప్పుడు మాట్లాడగలను. అవతల మోగడం లేదు.

పొగ వస్తే ఊపిరాడనివాళ్ళు వస్తారు. పొగ వస్తే ఎండ రాదు. ఈ రెండు వాక్యాలూ ఇరవై రెండు ఆస్పత్రుల కాగితాలు ముందేసుకుని కూర్చున్న నాకు ఎందుకు తట్టలేదో తెలియడం లేదు. ఒకటి రోగాల గడిలో ఉంది, ఒకటి ఇంధనం గడిలో ఉంది. మధ్యలో నేను గీసిన గీత ఉంది.

రేపు వ్యాన్ బయల్దేరుతుందంటున్నారు, దారి తెరిస్తే. పీపాలు ఎక్కించమని డ్రైవరుని అడిగాను. కాగితం ఉంటేనే ఎక్కిస్తానన్నాడు. ఆ కాగితం రద్దు చేసింది నేనే.

నువ్వు బతికున్నావని ఒక్క ముక్క రాయి.


ఏప్రిల్ 11, శుక్రవారం

పురుగూ,

మేం ఉన్నాం. వ్యాన్ ఏ నిమిషంలో వస్తుందో తెలియదు, రాగానే ఇది ఇచ్చేయాలి. గబగబా రాస్తున్నా, నా రాత బాగుండదు.

శనివారం పొగ దిగింది. ఆదివారం పదకొండు గంటలకి వార్డులో ట్యూబులైట్లు వేసుకున్నాం. మంటలు తీగల దాకా వచ్చాయని ఊరి కరెంటు తీసేశారు. దగ్గుకుంటూ జనం మొదలయ్యారు, నడిచి కొందరు, బండ్ల మీద కొందరు. ఆయాలూ నేనూ తడిగుడ్డలతో డాబా ఎక్కి ప్యానెళ్ళు తుడిచాం. తుడిచి వెనక్కి తిరిగేసరికి మళ్ళీ బూడిద. ఉన్న నాలుగు సిలిండర్లూ మంగళవారానికి అయిపోయాయి. కొత్తవి తెచ్చే లారీ దారి మూసేసి ఎక్కడో నిలబడిపోయింది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఎర్ర లైటు వెలిగింది. మామూలుగా బ్యాటరీలు నిండడం మొదలుపెట్టే వేళ అది. ఆరు ఆక్సిజన్ మిషన్లు, వాటి మీద ఆరుగురు, తమ వంతు కోసం చూస్తూ ఇంకో ముగ్గురు.

ఆ ఆరుగురిలో ఒకడు మీ బాబాయి. ఇది నీకు ముందే రాయాల్సింది. నాలుగో మంచం దగ్గర కూర్చుంటాడని రాశాను కదా. ఆ మంచం ఆయనదే. ఫిబ్రవరి నుంచీ ఆయన పేషెంటు. మిల్లు దుమ్ము ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిందట. రోజుకి పదహారు గంటలు మిషను కావాలి. ఇంట్లో కరెంటు ఉండదని వార్డులోనే పెట్టాం. నువ్వు భయపడతావని రాయలేదు.

ఆయన ముక్కులోంచి గొట్టం తీసేసి మంచం దిగాడు.

"ఏం చేస్తున్నారు?"

"డ్యూటీకెళ్తున్నా."

"మీరు పేషెంటు."

"పేషెంట్లలో కరెంటు పని వచ్చినవాడిని నేనొక్కడినే కదే. పోనీ నువ్వు చేస్తావా?"

తన మిషను, వంతు కోసం చూస్తున్న ముగ్గురిలో ఒకావిడకి, మన వీధి టైలరమ్మకి పెట్టమన్నాడు. గోడ పట్టుకుని, రెండడుగులకోసారి ఆగుతూ బోర్డు దాకా వెళ్ళి, టీకాల ఫ్రిజ్, వంతులేసుకోవడానికి మూడు మిషన్లు ఉంచి మిగతావన్నీ తీసేశాడు. "ఇలా ఓ గంటన్నర వస్తుంది. ముసలోడిని లేపుదాం పద" అన్నాడు. షెడ్డు నలభై అడుగుల దూరం. దారిలో మూడుసార్లు కూర్చున్నాడు. ముసలోడికి తాగడానికి చుక్క లేదు. అంబులెన్సు ట్యాంకులోంచి లాగుదామని పైపు తెచ్చి, నోట్లో పెట్టుకోబోయాడు. ఆ ఊపిరితో! నేను పైపు లాక్కున్నాను. "ఇదొక్కటీ నాకొచ్చు, తప్పుకోండి" అన్నాను. రెండు రోజులైంది, ఇంకా నోట్లో డీజిలు రుచే. అన్నం తింటే డీజిలు, నీళ్ళు తాగితే డీజిలు.

ముసలోడు లేచాడు. మర్నాడు పొద్దున దాకా ఆగి ఆగి నడిపించాం.

మధ్యాహ్నం ఇటుకబట్టీ మేస్త్రీని తెచ్చారు. గుండె. పెద్దాస్పత్రికి పంపాలన్నారు డాక్టరు గారు. అంబులెన్సులో డీజిలు లేదు. జనరేటర్ ఆపి డీజిలు తిరిగి అంబులెన్సులో పోస్తే ఆరుగురి ప్రాణాలు. పోయకపోతే ఒకడి ప్రాణం. డాక్టరు గారు నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. జనరేటర్ ఆపలేదు. బండి దొరికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆయన భార్య వాకిట్లో చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది, ఆయన చెప్పులు.

గురువారం గాలి మళ్ళింది. ఇప్పుడు పచ్చ లైటే. మీ బాబాయి మంచం మీద ఉన్నాడు, మాట్లాడడం లేదు. జోకు లేని ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

సున్నా వేసినవాడి పేరు కనుక్కున్నావా? ఇంకేం వద్దు, నాకు ఆ పేరు కావాలి.

వ్యాన్ హారను.

పిన్ని


ఏప్రిల్ 14, సోమవారం

శుక్రవారం నా ఉత్తరం సంచీలో వేసి నీ ఉత్తరం తీసుకున్నాను. వ్యాన్ మలుపు తిరిగాక విప్పాను. ముందే విప్పి ఉంటే నాది ఆపేసేదాన్ని. ఆపకపోవడమే మంచిదైంది.

రెండు రోజులు నీకు ఏమీ రాయకూడదనుకున్నాను. తిట్టడానికి కూడా రాయకూడదనుకున్నాను. ఆదివారం మీ బాబాయి అడిగాడు, "ఆఫీసరమ్మ ఉత్తరం రాలేదా" అని. చదివి వినిపించాను. అంతా విని అన్నాడు, "ముసలోడికి పెన్షనిమ్మన్నది నేనే కదే."

అది జోకో కాదో నాకు తెలియలేదు.

అబద్ధం నాది, సంతకం నీది. గొప్ప ఆయనది, ప్యానెళ్ళ మీద. ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం భయపెట్టకూడదనుకున్నాం. మేస్త్రీకి ఇదంతా ఎవరు చెబుతారు?

స్టోరు ఆయన వచ్చాడు. లాగ్‌బుక్ పంపుతున్నాను. నవంబరు నుంచీ ప్రతి పేజీ ఉంది. బుధవారం పేజీ నేను రాశాను. డీజిలు ఎక్కడిదన్న గడిలో "అంబులెన్సు" అని రాశాను. పక్కన మేస్త్రీ వచ్చిన టైమూ పోయిన టైమూ రాశాను. ఆ పుస్తకంలో రాయాల్సినవి కావవి. అయినా రాశాను.

దీన్ని బల్ల మీద పెట్టేసి వచ్చెయ్యకు. మీ పెద్దవాళ్ళందరూ కూర్చునే గదిలో నిలబడి చదువు. పైకి చదువు.

పిన్ని


ఏప్రిల్ 17, గురువారం

పిన్నీ,

చదివాను.

పొడుగు బల్ల చుట్టూ పదకొండు మంది ఉన్నారు. నేను నిలబడితే టీ కావాలా అని అడగడానికేమో అనుకున్నారు. మొదటి పేజీ నా గొంతులోంచి వచ్చింది కాదు. రెండోసారి వచ్చింది. బుధవారం పేజీ పుస్తకం బల్ల మీద పెట్టి చదివాను. మేస్త్రీ పోయిన టైము చదివి ఆగాను.

"మరి ఆ సున్నా ఎక్కడి నుంచొచ్చింది?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"మా పిన్ని ఉత్తరంలోంచండీ."

ఎవరో నవ్వారు. పెద్దాఫీసరు గారు నవ్వలేదు. "ఇప్పుడు ప్యానెళ్ళు దండగంటావా, అమ్మాయ్?" అన్నారు.

"కాదండీ. ఏడాదంతా ఆస్పత్రిని నిలబెట్టింది అవే. నేను అడిగేది పొగ రోజుల గురించి. మంచాలు నిండేదీ ఆ రోజే, ప్యానెళ్ళు ఆగేదీ ఆ రోజే. మనం వాటిని వేరే వేరే గళ్ళలో రాస్తున్నాం. రెండూ ఒకే గడిలో రాసేదాకా ఇలాగే అవుతుంది."

నా జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

ఈ వేసవికి మీకు ఒక పీపా ఇచ్చారు. రెండు అడిగాను. కొత్త బ్యాటరీలు వచ్చే ఏడు పరిశీలిస్తారట. ఆ ఒక్క పీపా కోసం మీ మే నెల సెలైన్‌లో కోశారు. నన్ను అంచనాల నుంచి తీసేసి కవర్లు అంటించే సెక్షన్‌కి మార్చారు. సంజాయిషీ అడిగారు, రాసిచ్చాను. ఒక పేజీ. మంచి మాట ఒక్కటీ లేదు అందులో.

పొడిగాలులు ఇంకో నెల ఉంటాయంటున్నారు.

మేస్త్రీ భార్య ఎక్కడుంటుందో కనుక్కుని రాయి. ఆవిడకి నేనే చెప్పాలి. ఎలా చెప్పాలో తెలియదు. ఆ ఒక్క మాట తర్వాత బాబాయి మాట్లాడుతున్నాడా?

నీ
పురుగు


ఏప్రిల్ 28, సోమవారం

పురుగూ,

ముందు చెడ్డ మాట.

మీ బాబాయికి ఇప్పుడు ఇరవై నాలుగు గంటలూ మిషను కావాలి. ఆ బుధవారం నడిచిన నలభై అడుగులు ఊపిరితిత్తుల్లో మిగిలి ఉన్నదంతా తినేశాయన్నారు డాక్టరు గారు. ఇంటికి రాడు. మిషను పది నిమిషాలు ఆగితే ఏమవుతుందో నేను అడగలేదు. నర్సుని కదా, నాకు తెలుసు.

రెండో చెడ్డ మాట. ఇవాళ పొద్దున కొండల ఇవతల వైపు పొగ లేచింది. ఈసారి చెత్త అని రాయను.

మూడోది. పీపా వచ్చింది, సగమే ఉంది. మిగతా సగం దారిలో ఎవరు తాగారో డ్రైవరుకి తెలియదట.

ఇప్పుడు మంచి మాట. మాట్లాడుతున్నాడు. ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి, అందుకని ఏరుకుని మాట్లాడుతున్నాడు. నువ్వు గదిలో నిలబడి చదివావని చెబితే, "ఊఁ... కాకుండా... ఇంకేం... అంది?" అన్నాడు. మొత్తం వినిపించాను. రెండోసారి కూడా చదవమన్నాడు. డాబా మీదికి తను వెళ్ళలేడు కాబట్టి టైలరమ్మకి మంచం మీద నుంచే పని నేర్పుతున్నాడు. ఆవిడ నిన్న బోర్డు విప్పి బిగించింది. ఒక మర మిగిలింది. "దాచుకో... మెడలో... వేసుకో" అన్నాడు. వార్డంతా నవ్వింది.

మేస్త్రీ భార్య మూడు సందుల అవతలే ఉంటుంది. నేను వెళ్ళాను. నేను చెప్పాల్సింది నేను చెప్పాను. తలుపు వేసుకుంది. నువ్వొచ్చినప్పుడు నీది నువ్వు చెబుదువుగాని. ఆవిడ తలుపు తీస్తుందో లేదో.

ఇక నుంచి ఇలాగే రాద్దాం. చెడ్డది ముందు. కాగితం మిగిలితే మంచిది.

ఇది వార్డులోనే కూర్చుని రాస్తున్నాను, నాలుగో మంచం పక్కన. ప్రతి వాక్యానికోసారి తలెత్తి గోడ మీది పెట్టె చూస్తున్నాను. కిటికీలో వెలుతురు కొంచెం పసుపుపచ్చగా మారింది. ఆయన నిద్రపోతున్నాడు. మిషను శబ్దం చేస్తోంది. పచ్చ లైటు వెలుగుతోంది.

ఇది రాస్తున్నప్పటి సంగతి. నువ్వు చదివేటప్పటి సంగతి నేను రాయలేను.

పిన్ని